ప్రోస్టేట్‌లో రాళ్లు ఉన్నాయన్నారు, నా మూత్రం బాధ వాటివల్లేనా?

ములుగు రోడ్డు మాస్టారు

అందరికీ నమస్కారం. నాకు 47 ఏళ్లు. ఉండేది హనుమకొండలో, ములుగు దగ్గర బడిలో టీచర్‌ని, రోజూ బండి మీదే పోయి రావడం. ఆరు నెలలుగా ఒకటే బాధ, ఎవరితో చెప్పుకోవాలన్నా సిగ్గుగా ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒంటికి పోయి వచ్చి అరగంట కాకముందే మళ్లీ పోవాలనిపిస్తుంది, పోతే నాలుగు చుక్కలే వస్తాయి, చివర్లో మంట. రాత్రి మూడు సార్లు లేస్తున్నాను. కింద, అంటే వృషణాలకీ మలద్వారానికీ మధ్య చోట, ఏదో బరువు వేలాడుతున్నట్టు నొప్పి. బండి మీద గంట కూర్చుంటే అది ఇంకా ఎక్కువవుతుంది. మెడికల్ షాపులో చెబితే ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గినట్టే అనిపించి పది రోజులకు మళ్లీ మొదలైంది. అట్లా మూడు సార్లు వాడాను.

పోయిన వారం స్కానింగ్ చేయించాను. కిడ్నీలు బాగానే ఉన్నాయట. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి 26 సీసీ, ఒంటికి పోయిన తర్వాత సంచిలో మిగిలింది 20 ఎంఎల్. చివరి లైన్లో మాత్రం ప్రోస్టేట్‌లో కాల్సిఫికేషన్లు, అంటే కాల్షియం పేరుకున్న రాళ్లు ఉన్నాయని, పెద్దది 4 మిల్లీమీటర్లని రాశారు. మూత్రంలో క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు. తెలిసినాయన ఒకరు ఆ రాళ్లు ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు, ఇంకొకరు అసలు పట్టించుకోవద్దన్నారు. రాత్రంతా ఫోన్లో చదివి చదివి టెన్షన్ ఎక్కువైంది. నా మంట, నొప్పి ఈ రాళ్ల వల్లేనా? మందులతో కరుగుతాయా? ఇవి ముందు ముందు క్యాన్సర్ అవుతాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాకాల నీళ్లు

అన్నా, మా బావకు కిడ్నీలో రాయి ఉంటే కొండపిండి ఆకు కషాయం, ఉలవకట్టు నెలరోజులు తాగించాం, రాయి పడిపోయింది. నీళ్లు బాగా తాగు, అరటి దూట రసం కూడా మంచిది. ఈత కల్లు తాగితే రాళ్లు కొట్టుకుపోతాయని మా ఊర్లో పెద్దలు అంటారు. నువ్వు భయపడకు, అన్నీ సర్దుకుంటాయి.

ల్యాబ్ కాకా

మాస్టారూ, నేను డాక్టర్‌ను కాదు. ముప్పై ఏళ్లకు పైగా ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను, యూరాలజీ (మూత్ర రోగాల) వార్డు నుంచి వచ్చే శాంపిల్ డబ్బాలు ఎన్ని చూశానో లెక్కలేదు. నాకు తెలిసింది చెబుతాను, నిర్ణయం మాత్రం మీ డాక్టర్‌తోనే.

ముందు పాకాల తమ్ముడికి ఒక మాట. నీ మంచి మనసు అర్థమైంది తమ్మీ, కానీ ఇది ఆ రాయి కాదు. కిడ్నీ రాయి మూత్రం పారే దారిలో ఉంటుంది, అందుకే ఎక్కువ నీళ్లు తాగితే చిన్నదైతే జారి బయటపడుతుంది. ప్రోస్టేట్ రాయి గ్రంథి కండలో, సన్నని గొట్టాల్లో ఇరుక్కుని ఉంటుంది. మూత్రం దాని మీది నుంచి పారదు. ఎన్ని నీళ్లు తాగినా, ఏ కషాయం తాగినా అక్కడిదాకా చేరి దాన్ని కదిలించేది ఏదీ లేదు. తయారైన పదార్థం కూడా వేరే. కిడ్నీ రాళ్లు ఎక్కువగా కాల్షియం ఆక్సలేటు, ఇవి ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేటు. కరిగించే మందు కూడా ఇప్పటివరకు లేదు, కరిగిస్తామని పైసలు అడిగేవాళ్లను నమ్మకండి. ఇక కల్లు సంగతి, మాస్టారు ఇప్పటికే అరగంటకోసారి పోతున్నాడు, దానికి కల్లు కూడా తోడైతే రాత్రంతా బాత్రూమ్ దగ్గరే గడుస్తుంది. మంటా పెరగొచ్చు.

ఇప్పుడు ఈ రాళ్లు ఎట్లా వస్తాయో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే సగం భయం పోతుంది. ప్రోస్టేట్ మూత్రసంచి కింద, మూత్రం వచ్చే గొట్టం చుట్టూ ఉండే గ్రంథి, వీర్యంలో కలిసే నీరు కొంత అందులోంచే వస్తుంది. వయసు పెరిగేకొద్దీ దాని లోపలి సన్నని గొట్టాల్లో ఆ నీరు గడ్డకట్టి చిన్న చిన్న పలుకులు అవుతాయి. మైక్రోస్కోపులో చూస్తే ఉల్లిగడ్డ పొరల్లా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. వాటి మీద కాల్షియం పేరుకుంటే రాయి. గ్రంథి ఉబ్బి గొట్టాలు నొక్కుకుపోయినా, మూత్రం వెనక్కి ఎగదన్ని ఆ గొట్టాల్లోకి పోయినా ఇవి త్వరగా తయారవుతాయి. 2009లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు ఈ రాళ్లను పొడి చేసి లోపల ఏముందో చూశారు. వాపు వచ్చినప్పుడు తెల్లరక్తకణాలు వదిలే ప్రోటీన్లు అందులో దండిగా దొరికాయి. అంటే ఎప్పుడో ఒకప్పుడు అక్కడ వాపు వచ్చిపోయిన గుర్తు ఆ రాయిలోనే ఉంది.

అందుకే వాపుకూ రాయికీ సంబంధం ఉందా అంటే ఉంది. కానీ మీరు అడిగింది వేరే, ఈ రాయి వల్లే నాకు ఇప్పుడు మంట వస్తోందా అని. అక్కడే చాలామంది పొరబడతారు. పొయ్యిలో బూడిద ఉంటే ఇక్కడ వంట చేశారని చెప్పొచ్చు, ఇప్పుడు నిప్పు ఉందా అన్నది వేరే చూసుకోవాలి. నడివయసు దాటిన మగవాళ్లలో ఏ బాధా లేనివాళ్లకు కూడా ఈ రాళ్లు బోలెడంత మందికి ఉంటాయి, వేరే పనికి స్కానింగ్ తీస్తే బయటపడతాయి. రాళ్లు పెద్దవిగా, ఎక్కువగా ఉన్నవాళ్లకు మూత్రం ఇబ్బందులు కొంచెం ఎక్కువని కొన్ని పరిశోధనలు చెప్పాయి, వయసునూ గ్రంథి సైజునూ లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా పెద్దగా మిగలలేదని ఇంకొన్ని చెప్పాయి. చాలాకాలంగా కింద నొప్పి ఉన్నవాళ్లలో మాత్రం, రాళ్లున్నవాళ్లకు వాపు కణాలు ఎక్కువగా కనిపించాయి. మీ 4 మిల్లీమీటర్ల రాయిని చూసి దొంగ దొరికాడు అనుకోకండి, అసలు వాపు ఇప్పుడు ఉందా, ఉంటే క్రిముల వల్లనా కాదా, మూత్రానికి అడ్డం ఉందా, ఈ మూడు తేల్చుకోండి. అడ్డం సంగతి మీ రిపోర్టులోనే కొంత ఉంది. 26 సీసీ అంటే మీ వయసుకు పెద్ద గ్రంథి కాదు, 20 ఎంఎల్ మిగలడం కూడా పెద్ద లెక్క కాదు.

ఇంకొకటి, ఇది నా సొంత పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కల్చర్ ఇచ్చేనాటికి మీరు యాంటీబయాటిక్ మీద ఉన్నారా? ఉంటే ఆ ‘ఏమీ పెరగలేదు’ అన్న రిపోర్టుకు విలువ తక్కువ. ఎంతమంది ఇట్లా మూడు నాలుగు మాత్రలు మింగి, తర్వాత డబ్బా పట్టుకొచ్చేవారో, క్రిమి ఉన్నా అది పెరగదు, అటు డాక్టర్‌కూ దారి దొరకదు. మందులు ఆపి ఎన్ని రోజులకు ఇవ్వాలో డాక్టర్‌ను అడిగి మళ్లీ ఇవ్వండి. మొదట వచ్చే ధార వదిలేసి మధ్యలోది పట్టాలి, ల్యాబు ఇచ్చిన స్టెరైల్ డబ్బాలోనే పట్టాలి, ఇంట్లో ఉన్న మందు సీసా కడిగి తేవద్దు. పట్టిన గంటలోపు ల్యాబులో ఇచ్చేయాలి. మన ఎండలకు డబ్బా బండి డిక్కీలో రెండు గంటలుంటే దారిన పోయే క్రిమి కూడా అందులో పంట పండిస్తుంది.

అవసరమైతే యూరాలజిస్టు రెండు డబ్బాల పరీక్ష చేయిస్తారు. మామూలు మూత్రం ఒకదాంట్లో, డాక్టర్ వెనక నుంచి వేలితో ప్రోస్టేట్‌ను నొక్కిన తర్వాత వచ్చింది ఇంకోదాంట్లో. రెండో దాంట్లో మాత్రమే చీముకణాలో క్రిములో ఎక్కువుంటే అవి ప్రోస్టేట్ నుంచి వచ్చాయని అర్థం. చలిజ్వరం ఉన్నప్పుడు మాత్రం అట్లా నొక్కకూడదు, క్రిములు రక్తంలోకి పోయే ప్రమాదం ఉంది.

జమ్మికుంట పత్తి

కాకా చెప్పింది అక్షరాలా నిజం, కానీ రాయే దోషి అయిన కథ నాది. అది కూడా మాస్టారు వినాలి.

నాకు 63. రెండేళ్ల కింద ఒక రాత్రి చలిజ్వరం, రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు, ఒంటికి రావడం ఆగిపోయింది. మా పిల్లలు కారులో కరీంనగర్ తీసుకుపోయారు. గొట్టం వేసి మూత్రం తీశారు, సూదిమందులు పెట్టారు, నయమైంది. రెండు నెలలకు మళ్లీ మంట, మళ్లీ జ్వరం. అట్లా 14 నెలల్లో నాలుగు సార్లు. నాలుగు సార్లూ కల్చర్‌లో వచ్చింది ఒకటే క్రిమి, దాని పేరు ఈ.కోలై (E. coli). డాక్టర్ ఆ నాలుగు రిపోర్టులూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూపించారు. ప్రతిసారీ వేరే క్రిమి వస్తే బయటి నుంచి వచ్చిందనుకోవచ్చు, అదే మళ్లీ మళ్లీ వస్తుంటే లోపల ఎక్కడో గూడు ఉందని అర్థం, మీ రాళ్లలో ఉంటుంది అన్నారు. క్రిములు రాయి సందుల్లో చేరి చుట్టూ జిగట పొర కట్టుకుంటాయట, మందు ఆ పొర దాటి లోపలికి సరిగా పోదు. మందు వాడినన్ని రోజులు బయటివి చస్తాయి, ఆపగానే లోపలివి మళ్లీ బయలుదేరతాయి.

మొదట ఆరు వారాల కోర్సు ఇచ్చారు. మాస్టారూ, ఇది చూడండి, ప్రోస్టేట్‌లో క్రిమి ఉందని తేలితే ఐదు రోజుల మందు సరిపోదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాకు ఇచ్చిన రకం మాత్రలతో కాలి మడమ వెనక, పిక్క కండను ఎముకకు కలిపే స్నాయువు (టెండన్) నొప్పి వస్తే వెంటనే ఆపి చెప్పమన్నారు, నాకైతే రాలేదు. కోర్సు అయ్యాక మూడు నెలలు బాగున్నాను, మళ్లీ వచ్చింది. అప్పుడు ఆపరేషన్ అన్నారు. నా ప్రోస్టేట్ 58 సీసీ, ఒంటికి పోయాక కూడా 140 ఎంఎల్ మిగిలేది, అంటే అడ్డం ఉంది, నిలవ నీళ్లలో క్రిమి పెరుగుతుంది. మూత్రం దారిలోంచే పరికరం పంపి లోపలి కండ చెక్కేశారు, కోత లేదు. ఆ ముక్కలతో పాటు రాళ్లు కూడా వచ్చాయి, సర్జన్ చిన్న డబ్బాలో వేసి చూపించారు, నల్లగా, ఆవగింజలంత ఉన్నాయి. ఇన్నాళ్లూ నన్ను ఏడిపించినవి ఇవేనా అనిపించింది. అన్నీ తీయలేదు, బయటి భాగంలో ఉన్నవి కొన్ని అట్లాగే ఉన్నాయని ముందే చెప్పారు. ఆపరేషన్ అయి 11 నెలలు, జ్వరం రాలేదు.

ఒకటి దాచకుండా చెప్పాలి. ఈ ఆపరేషన్ తర్వాత వీర్యం బయటికి రాదు, వెనక్కి సంచిలోకి పోతుంది. చాలామందికి అట్లాగే అవుతుంది. నాకు ఈ వయసులో ఇబ్బంది లేదు. మీకు 47, పిల్లల ఆలోచన ఉందో లేదో, కాబట్టి ఎవరో అన్నారని తొందరపడి ఒప్పుకోకండి. నాకు చేసింది అడ్డం తీయడానికి, మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్ ఆపడానికి. వట్టి రాళ్లు స్కానింగ్‌లో కనిపించాయని ఎవరూ చేయరు, చేస్తామంటే ఇంకో డాక్టర్‌ను అడగండి.

బాపు బిడ్డ

మగవాళ్ల సంగతుల్లో నేను రాయొచ్చో లేదో తెలియదు కానీ మా బాపు గురించి రాయాలనిపించింది. బాపుకు 71, సింగరేణిలో చేసి రిటైరయ్యారు, భూపాలపల్లిలో ఉంటాం. రాత్రి ఆరు సార్లు లేచేవారు. మాకు చెప్పలేదు, అమ్మ చెబితే తెలిసింది. స్కానింగ్‌లో ప్రోస్టేట్ రాళ్లు, పెద్దది 9 మిల్లీమీటర్లు అని వచ్చేసరికి ఇంట్లో అందరం ఆ రాళ్లనే తిట్టుకున్నాం, నాలుగు నెలలు వాటి వెనకే తిరిగాం. చివరికి ఒక పెద్ద డాక్టర్ షుగర్ చూపించారా అని అడిగారు. చూపిస్తే 310. అంత షుగర్ ఉంటే మూత్రం ఎక్కువ తయారవుతుంది, ఎన్నిసార్లు లేచినా తీరదు. దానికి తోడు కాళ్ల వాపుకు వేసుకునే నీటి మాత్ర సాయంత్రం వేసుకునేవారు, డాక్టర్ దాన్ని పొద్దునకు మార్చారు. ఇప్పుడు రెండు సార్లే లేస్తున్నారు. రాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. మాస్టారు గారూ, మీరు షుగర్ చూపించుకున్నారా?

ఇంకో సంగతి, బాపుకు రాత్రి వేసుకునే టాంసులోసిన్ రాశారు, మూత్రం దారిని వదులు చేసే మాత్ర. మొదటి వారం రాత్రి గబుక్కున లేచి కళ్లు తిరిగి పడబోయారు. మంచం మీద కాసేపు కూర్చుని లేవాలని మాకు ముందే ఎవరూ చెప్పలేదు. కంటి శుక్లాల ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర వాడుతున్నట్టు, ఎప్పుడో వాడి ఆపేసినా సరే, కంటి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలట. ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఇది గుర్తుపెట్టుకోండి.

ములుగు రోడ్డు మాస్టారు

మీరందరూ ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. షుగర్ చూపించాను అమ్మా, నార్మలే. కాకా అన్నట్టు కల్చర్ ఇచ్చిన రోజు నేను మూడో కోర్సు మధ్యలో ఉన్నాను, అది తప్పే. అదే రోజు ఇంకొక పరీక్ష కూడా చేశారు, దాని రిపోర్టు నిన్న వచ్చింది. పీఎస్‌ఏ 5.1. నాలుగు దాటితే క్యాన్సర్ అని చదివాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, అన్నం సహించడం లేదు.

ల్యాబ్ కాకా

మాస్టారూ, ముందు అన్నం తినండి. ఇంట్లో కూడా చెప్పండి, ఒక్కరే మోయకండి.

పీఎస్‌ఏ ప్రోస్టేట్ తయారుచేసే ప్రోటీను, క్యాన్సర్ ఉంటేనే వచ్చేది కాదు. వాపు వచ్చినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, గ్రంథి పెద్దదైనా రక్తంలో అది పెరుగుతుంది. మీరు మంట ఉన్నప్పుడు ఇచ్చారు, అప్పుడు 5.1 రావడం వింత కాదు. మంట తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ ఇవ్వండి. ఇచ్చే ముందు రెండు రోజులు బండి మీద దూరం పోవద్దు, భార్యాభర్తల కలయిక కూడా వద్దు. ఈ రాళ్లు క్యాన్సర్‌గా మారవు. అయినా రెండోసారి కూడా ఎక్కువే ఉంటే దాచుకోకుండా ఎంఆర్ఐ దాకా పోవాలి, అక్కడ మాత్రం బద్ధకం వద్దు. ఈలోగా చలిజ్వరం వచ్చినా, ఒంటికి పూర్తిగా ఆగిపోయినా, ఎర్రగా రక్తం పడినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అర్ధరాత్రయినా దవాఖానకు పోవాల్సిందే.

కాజీపేట ఫిజియో

ఫిజియోథెరపీ చేస్తాను, ఆలస్యంగా చూశాను. బండి మీద కూర్చుంటే నొప్పి పెరుగుతుందని మాస్టారు రాసిన మాట నన్ను ఆపింది. మీలాంటివాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు, డ్రైవర్లు, బ్యాంకువాళ్లు, టీచర్లు. బడిలో బాత్రూమ్ బాగాలేదనో పీరియడ్ మధ్యలో పోలేకనో గంటలు గంటలు ఆపుకుంటారు, కింది కండరాలు బిగుసుకునే అలవాటు పడతాయి, తర్వాత వదలమన్నా వదలవు. ధార మొదలవడానికి టైం పడుతుందా? నొప్పికి భయపడి ఇంకా బిగిస్తారు, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. క్రిమి లేకుండా మూడు నెలలకు పైగా నొప్పి ఉంటే అందులో ఈ కండరాల పాత్ర చాలామందికి ఉంటుంది.

ఫోన్లో చూసి కీగెల్ వ్యాయామం మొదలుపెట్టకండి. అది వదులైన కండరాన్ని బిగించడానికి. మీకు కావాల్సింది వదలడం. గోరువెచ్చని నీళ్ల టబ్బులో పదిహేను నిమిషాలు కూర్చోండి, కడుపు నిండా మెల్లగా గాలి పీల్చి వదలండి, వదిలేటప్పుడు కింది భాగం కూడా జారిపోతున్నట్టు వదలండి. చాయ్ రెండు కప్పులకు తగ్గించండి. కారం కొందరికి మంట పెంచుతుంది, వరంగల్‌లో ఉండి మిర్చి మానమంటే కష్టమే, రెండు వారాలు తగ్గించి తేడా ఉందో లేదో మీరే చూసుకోండి, లేకపోతే మళ్లీ తినండి.

ములుగు రోడ్డు మాస్టారు

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఇంకెవరైనా ఇదే బాధతో ఇక్కడికి వస్తే పనికొస్తుందని.

యూరాలజిస్టును కలిశాను. మొదట మూత్రం ఇబ్బంది ఎంత ఉందో కొలిచే ఏడు ప్రశ్నల కాగితం నింపమన్నారు, మార్కులు ఎక్కువైతే బాధ ఎక్కువని, 35కి నాకు 13 వచ్చింది, మధ్యస్థం అన్నారు. మందులన్నీ ఆపి రెండు వారాలకు రెండు డబ్బాల పరీక్ష చేశారు. రెండో డబ్బాలో చీముకణాలు ఎక్కువున్నాయి, కల్చర్‌లో మాత్రం రెండింటిలోనూ ఏమీ పెరగలేదు. అంటే వాపు ఉంది, క్రిమి లేదు. ఇంక యాంటీబయాటిక్ వద్దన్నారు. టాంసులోసిన్ 0.4 రాత్రి పూట, వాపు తగ్గే మాత్ర పది రోజులు, ఫిజియో చెప్పినట్టే కండరాలు వదిలే వ్యాయామం. రాళ్ల గురించి నేను అడిగితే, అవి ఉన్నాయని తెలిసింది చాలు, జ్వరంతో ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తే అప్పుడు వాటి సంగతి చూద్దాం అన్నారు.

మొదటి మూడు వారాలు ఏ తేడా లేదు, మళ్లీ యాంటీబయాటిక్ కొనుక్కుందామా అని షాపు దాకా పోయి వచ్చాను. నాలుగో వారం నుంచి మెల్లగా తగ్గింది. నిన్న అదే కాగితం నింపితే 6. రాత్రి ఒకసారి లేస్తున్నాను. ఆరు వారాలు ఆగి ఇచ్చిన పీఎస్‌ఏ 2.3. కింద బరువు పూర్తిగా పోలేదు, వారంలో ఒకటి రెండు రోజులు ఉంటుంది. మొన్న మళ్లీ స్కానింగ్ చేశారు, ఆ 4 మిల్లీమీటర్ల రాయి ఎక్కడిదక్కడే ఉంది.

బడిలో హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి నా పీరియడ్ల మధ్య ఒక ఖాళీ పెట్టించుకున్నాను. ఇన్ని రోజులు బస్సులో పోయాను, సోమవారం నుంచి బండి మళ్లీ తీస్తున్నాను. గూడెప్పాడ్ దగ్గర ఒకసారి, మల్లంపల్లి దగ్గర ఒకసారి ఆగి ఐదు నిమిషాలు నడుస్తాను.